హాల్ బార్‌ని చల్లబెట్టి, ఫీల్డ్ పెట్టి, డెన్సిటీ, మొబిలిటీ నమ్మకంగా తీయడం ఎలా

గాలియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పెంచిన వేఫర్ ముక్క ఒకటి మీ చేతికొచ్చింది, ఆ రెండు పొరల సరిహద్దులో ఎలక్ట్రాన్లు రెండు డైమెన్షన్లలోనే తిరుగుతాయి, దాన్ని హాల్ బార్‌గా చేసి పెట్టారు, ఇక బాగా చల్లబెట్టి అయస్కాంత ఫీల్డ్‌లో డెన్సిటీ (చదరపు సెంటీమీటరుకి ఎన్ని ఎలక్ట్రాన్లు), మొబిలిటీ (అవి ఎంత తేలిగ్గా కదులుతాయి) కొలవాలి. ఎం.ఎస్సీ. ప్రాజెక్ట్ వాళ్ళకి, పీహెచ్‌డీ మొదట్లో ఉన్నవాళ్ళకి ఇది రాస్తున్నా. పేపర్లలో ఈ పనంతా "స్టాండర్డ్ లాకిన్ పద్ధతిలో కొలిచాం" అని ఒక్క లైన్‌లో అయిపోతుంది (లాకిన్ అంటే మనం పంపిన ఫ్రీక్వెన్సీలో వచ్చే సిగ్నల్‌ని మాత్రమే నాయిస్‌లోంచి ఏరి కొలిచే పరికరం), ఆ లైన్ వెనకున్నది మాత్రం సీనియర్ ఎవరైనా పక్కన నిలబడి చూపిస్తే తప్ప తెలియదు, అలాంటి సీనియర్ అందరికీ దొరకరు.

అన్నిటికన్నా ముందు ఒకటి పట్టుకోండి. ఏ నంబర్‌నైనా శాంపిల్‌తో రెండు దారుల్లో చెప్పించాలి, రెండూ కలిస్తేనే నమ్మాలి. కింద చెప్పే ప్రతి స్టెప్‌లోనూ నేను దీని కోసమే చూస్తుంటాను.

చల్లబెట్టే ముందు

హాల్ బార్ అంటే పొడుగాటి దారి, రెండు చివర్లా కరెంట్ కాంటాక్ట్‌లు, పక్కల వోల్టేజ్ ప్రోబ్‌లు. ఒకే పక్కనున్న రెండు ప్రోబ్‌ల మధ్య వచ్చేది పొడవు రెసిస్టెన్స్, ఎదురెదురు ప్రోబ్‌ల మధ్య వచ్చేది హాల్ రెసిస్టెన్స్. దారి వెడల్పు ఎంత, ప్రోబ్‌ల మధ్య దూరం ఎంత అని మాస్క్ డ్రాయింగ్‌లోంచి కాకుండా మైక్రోస్కోప్ కింద కొలిచి రాసుకోండి, ఎందుకంటే ఎచింగ్‌లో పక్కలు కొంత తినేస్తుంది, ఆ తేడా నేరుగా మీ మొబిలిటీలోకి వస్తుంది. నేను ఇక్కడ ఉదాహరణకి వెడల్పు 100 మైక్రాన్లు, ప్రోబ్‌ల దూరం 400 మైక్రాన్లు అనుకుని చెప్తాను.

కాంటాక్ట్‌లు ఇండియం చుక్కలు పెట్టి కాల్చినవి కావచ్చు, బంగారం-జెర్మేనియం-నికెల్ పొరలు వేసి దాదాపు 430 డిగ్రీల సెల్సియస్‌లో అల్లాయ్ చేసినవి కావచ్చు, ఏదైనా సరే రూమ్ టెంపరేచర్‌లో ప్రతి జతకీ రెసిస్టెన్స్ చూసి నోట్‌బుక్‌లో పట్టిక వేసుకోండి. ఒక కాంటాక్ట్ మిగతా వాటికన్నా బాగా ఎక్కువ చూపిస్తే అది చల్లబడ్డాక ఇంకా పాడైపోయే అవకాశమే ఎక్కువ, అప్పుడే వేరే ప్రోబ్‌కి మార్చుకోండి, కిందకి దించాక మార్చలేరు.

స్టాటిక్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. చేతికి గ్రౌండ్ పట్టీ వేసుకోండి, బ్రేకౌట్ బాక్స్‌లో అన్ని లైన్లూ గ్రౌండ్‌లో ఉంచి మాత్రమే శాంపిల్‌ని సాకెట్‌లో పెట్టండి, ఏ కేబుల్ పెట్టినా తీసినా ఆ లైన్ గ్రౌండ్‌లోనే ఉండాలి, పరికరం కనెక్ట్ అయ్యాకే గ్రౌండ్ స్విచ్ తీయాలి. గేట్ (వోల్టేజ్‌తో డెన్సిటీ మార్చడానికి పైన వేసే లోహపు పొర) ఉన్న శాంపిల్ అయితే ఇంకా జాగ్రత్త, ఒక్క స్పార్క్ చాలు, గేట్ కింద పొర చిల్లు పడిపోతుంది, అది మళ్ళీ బాగుపడదు.

లాకిన్ సెటప్

ఎస్ఆర్830 లాంటి లాకిన్ ఉంటే దాని ఆసిలేటర్ నుంచి 1 వోల్ట్ తీసి 10 మెగా ఓమ్స్ రెసిస్టర్ గుండా పంపిస్తే 100 నానో ఆంప్స్ కరెంట్ వస్తుంది. శాంపిల్ రెసిస్టెన్స్ కొన్ని వేల ఓమ్స్ మారినా 10 మెగా ఓమ్స్ ముందు అది చిన్నదే, కాబట్టి కరెంట్ దాదాపు స్థిరంగా ఉంటుంది. రెండు లాకిన్‌లు ఉంటే ఒకటి పొడవు వోల్టేజ్‌కి, ఇంకోటి హాల్ వోల్టేజ్‌కి పెట్టి రెండోదాన్ని మొదటిదాని రెఫరెన్స్‌కి లాక్ చేయండి, రెండూ ఒకే స్వీప్‌లో రావాలి, విడివిడి స్వీప్‌లలో తీస్తే ఫీల్డ్ స్కేల్ కొంచెం జరిగిపోయి తర్వాత పోల్చేటప్పుడు తలనొప్పి.

ఫ్రీక్వెన్సీ 7 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఏదైనా పెట్టుకోండి, మన కరెంట్ లైన్ 50 హెర్ట్జ్ కాబట్టి దాని గుణిజాలకీ, 10, 12.5, 25 లాంటి దాని భాగాలకీ దూరంగా, నాకైతే 17 చుట్టుపక్కల బాగుంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెడితే నాయిస్ తగ్గుతుంది కదా అని ఆశపడకండి. కేబుల్ కెపాసిటెన్స్ 1 నానో ఫారడ్ అనుకోండి, శాంపిల్ 26 వేల ఓమ్స్ చూపిస్తున్న చోట 17 హెర్ట్జ్‌లో ఫేజ్ జరగడం వెయ్యికి 3 వంతులు కూడా ఉండదు, అదే 1 కిలో హెర్ట్జ్‌కి వెళ్తే 16 శాతం దాటుతుంది, అప్పుడు మీరు కొలిచేది శాంపిల్‌ని కాదు కేబుల్‌ని.

సున్నా ఫీల్డ్‌లో ఫేజ్ సెట్ చేసి, ఆ తర్వాత ఫేజ్‌లో ఉన్న సిగ్నల్‌తో పాటు 90 డిగ్రీల సిగ్నల్ కూడా ప్రతి స్వీప్‌లో సేవ్ చేయండి. చాలామంది దీన్ని పారేస్తారు. కానీ ఎక్కువ ఫీల్డ్‌లో ఏదో ఒక కాంటాక్ట్ చచ్చిపోతుంటే మొదట చెప్పేది ఆ 90 డిగ్రీల సిగ్నలే, పొడవు రెసిస్టెన్స్ అందంగా సున్నాకి పోతున్నట్టు కనిపిస్తూనే ఉంటుంది, ఇది మాత్రం పెరిగిపోతూ ఉంటుంది, అలాంటి సున్నాని నమ్మకూడదు.

చల్లబెట్టడం

లిక్విడ్ హీలియం 4.2 కెల్విన్, దాని మీద పంప్ పెట్టి లాగితే 1.5 కెల్విన్ దాకా సులువుగా వస్తుంది, హీలియం-3 ఇన్సర్ట్ ఉంటే 0.3 కెల్విన్, డైల్యూషన్ ఫ్రిజ్ అయితే 20 మిల్లీ కెల్విన్ కిందకి కూడా. మొదటిసారి చేసేవాళ్ళకి 1.5 కెల్విన్ చాలు, ఇక్కడ చెప్పే కొలతలన్నీ అక్కడే అయిపోతాయి. మన దగ్గర టీఐఎఫ్ఆర్ ముంబై, ఐఐఎస్‌సీ బెంగళూరు లాంటి చోట్ల సొంత లిక్విఫైయర్లు (హీలియం గ్యాస్‌ని లిక్విడ్ చేసే మెషీన్లు) ఉన్నాయి, మీ యూనివర్సిటీలో ఏమీ లేకపోతే ఇండోర్‌లో యూజీసీ-డీఏఈ సెంటర్ ఉన్నదే యూనివర్సిటీల వాళ్ళ కోసం, తిరుపతి నుంచైనా వైజాగ్ నుంచైనా ప్రపోజల్ రాసుకోవచ్చు.

డ్యూవార్‌ని (హీలియం పట్టే ఫ్లాస్క్‌ని) ముందు లిక్విడ్ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కి తెస్తే హీలియం చాలా ఆదా అవుతుంది, కానీ హీలియం పోసే ముందు ఆ నైట్రోజన్ చుక్క లేకుండా బయటికి ఊదేయాలి, మిగిలిపోతే గడ్డకట్టి మీ హీలియం మొత్తం దాన్ని చల్లబెట్టడానికే పోతుంది. ఒక లీటర్ లిక్విడ్ హీలియం రూమ్ టెంపరేచర్‌లో దాదాపు 750 లీటర్ల గ్యాస్ అవుతుంది, గదిలో ఆక్సిజన్ మానిటర్ లేకుండా, తలుపులు మూసేసి, ఒంటరిగా ట్రాన్స్‌ఫర్ చేయకండి. హీలియం వాసన రాదు, ఊపిరాడట్లేదని కూడా తెలియకుండానే మనిషి పడిపోతాడు.

శాంపిల్‌ని చీకట్లో నెమ్మదిగా దించండి, నిమిషానికి రెండు మూడు కెల్విన్లు అయితే బాండింగ్ తీగలకి మంచిది. చీకట్లో అని ఎందుకంటున్నానంటే సిలికాన్ డోపింగ్ ఉన్న ఈ శాంపిల్స్‌లో చల్లగా ఉన్నప్పుడు వెలుగు పడితే డెన్సిటీ పెరుగుతుంది, వెలుగు ఆపేసినా తగ్గదు, శాంపిల్‌ని మళ్ళీ బాగా వేడిచేసేదాకా అలాగే ఉండిపోతుంది. కాబట్టి ముందు చీకట్లో మొత్తం కొలిచేయండి, ఆ తర్వాత కావాలంటే పక్కన ఎర్ర ఎల్ఈడీ కొన్ని సెకన్లు వెలిగించి, స్థిరపడనిచ్చి, రెండో సెట్ తీయండి, ఒకే శాంపిల్‌తో రెండు డెన్సిటీలు వస్తాయి.

ఫీల్డ్ స్వీప్

మాగ్నెట్ ఆన్ చేసేముందు హీలియం లెవెల్ చూడండి, కాయిల్ మునిగి ఉండాలి. ర్యాంప్ రేట్ మాగ్నెట్ తయారుచేసినవాళ్ళు ఇచ్చిన లిమిట్ లోపలే, పై ఫీల్డ్‌కి వెళ్ళేకొద్దీ ఇంకా నెమ్మదిగా, లేకపోతే క్వెంచ్ అవుతుంది, కాయిల్‌లో ఉన్న శక్తి అంతా ఒక్కసారి వేడిగా మారి హీలియం ఎగిరిపోతుంది.

ఎప్పుడూ మైనస్ ఫీల్డ్ నుంచి ప్లస్ ఫీల్డ్‌కి స్వీప్ చేయండి, సున్నా నుంచి మొదలుపెట్టకండి. దీనికి రెండు కారణాలు. సూపర్‌కండక్టింగ్ కాయిల్‌లో కొన్ని మిల్లీ టెస్లాలు ఇరుక్కుపోయి ఉంటాయి, పవర్ సప్లై సున్నా అన్నప్పుడు శాంపిల్ దగ్గర సున్నా ఉండదు, హాల్ వోల్టేజ్ సున్నా దాటే చోటే అసలు సున్నా. రెండోది, ప్రోబ్‌లు ఎంత చక్కగా వేసినా పొడవు సిగ్నల్ కొంచెం హాల్‌లోకి, హాల్ సిగ్నల్ కొంచెం పొడవులోకి కారుతుంది, ప్లస్ మైనస్ రెండూ ఉంటే పొడవు రెసిస్టెన్స్‌ని రెండిటి సగటుగా, హాల్‌ని రెండిటి తేడాలో సగంగా తీసుకుంటే ఆ కలగలుపు పోతుంది.

లాకిన్ టైమ్ కాన్‌స్టాంట్ 300 మిల్లీ సెకన్లు పెట్టి ఫీల్డ్‌ని నిమిషానికి 0.1 టెస్లా చొప్పున కదిపితే తక్కువ ఫీల్డ్‌లో ఉండే దగ్గర దగ్గర ఆసిలేషన్లు పోకుండా వస్తాయి. స్వీప్ పైకి ఒకసారి, కిందికి ఒకసారి తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, శిఖరాలు పక్కకి జరిగి ఉంటే మీరు తొందరపడుతున్నారని అర్థం. థర్మామీటర్ సంగతి కూడా చూసుకోండి, సిలికాన్ డయోడ్ ఫీల్డ్‌లో తప్పు చెప్తుంది, సెర్నాక్స్ కానీ రుథేనియం ఆక్సైడ్ కానీ అయితే మేలు.

మొదటి దారి: హాల్ వాలు

సగం టెస్లా లోపల హాల్ రెసిస్టెన్స్ సరళ రేఖలా పోతుంది. ఆ రేఖ వాలుని ఎలక్ట్రాన్ ఛార్జ్‌తో గుణించి తిరగేస్తే డెన్సిటీ. టెస్లాకి 2080 ఓమ్స్ వాలు వచ్చింది అనుకోండి, అది చదరపు సెంటీమీటరుకి 3×10¹¹ ఎలక్ట్రాన్లు. సున్నా ఫీల్డ్‌లో పొడవు రెసిస్టెన్స్ 80 ఓమ్స్ ఉంటే, మన శాంపిల్‌లో దూరానికీ వెడల్పుకీ నిష్పత్తి 4 కాబట్టి షీట్ రెసిస్టెన్స్ 20 ఓమ్స్, మొబిలిటీ దాదాపు పది లక్షలు, సెంటీమీటర్ స్క్వేర్ పర్ వోల్ట్ సెకండ్ లెక్కలో. ఈ డెన్సిటీకి, ఈ మొబిలిటీకి ఎలక్ట్రాన్ ఒక పెద్ద ఢీ నుంచి ఇంకో పెద్ద ఢీ దాకా 9 మైక్రాన్ల పైనే సాగిపోతుంది. 100 మైక్రాన్ల వెడల్పులో ఇబ్బంది లేదు కానీ మీ హాల్ బార్ 5 మైక్రాన్లదైతే ఎలక్ట్రాన్లు అంచులకే ముందు తగులుతాయి, తక్కువ ఫీల్డ్‌లో పొడవు రెసిస్టెన్స్‌లో ఒక మూపు కనిపిస్తుంది, అప్పుడు ఈ మొబిలిటీ లెక్క పనికిరాదు.

రెండో దారి: ఆసిలేషన్లు

ఫీల్డ్ పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ల శక్తి లాండౌ లెవెల్స్‌గా విడిపోతుంది, గాలియం ఆర్సెనైడ్‌లో 1 టెస్లా దగ్గర లెవెల్స్ మధ్య 1.73 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, టెంపరేచర్ భాషలో 20 కెల్విన్లు. 1.5 కెల్విన్‌లో ఉంటే ఆ ఎడం బాగానే కనిపిస్తుంది, పొడవు రెసిస్టెన్స్ ఊగడం మొదలవుతుంది. షుబ్నికోవ్, డి హాస్ 1930లో లైడెన్‌లో బిస్మత్ మీద చూసింది ఇదే ఊగడం.

ఈ ఊపులు ఫీల్డ్‌లో కాదు, ఫీల్డ్‌ని తిరగేసిన సంఖ్యలో సమాన దూరాల్లో వస్తాయి. కాబట్టి డేటాలో నెమ్మదిగా మారే భాగాన్ని ఒక పాలినామియల్‌తో తీసేసి, ఫీల్డ్ విలోమం మీద సమాన దూరాల పాయింట్లుగా మళ్ళీ ఇంటర్‌పొలేట్ చేసి, అప్పుడు ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చేయండి. ఆ ఇంటర్‌పొలేషన్ మర్చిపోతే వచ్చే శిఖరానికి ఏ అర్థమూ ఉండదు. శిఖరం 6.2 టెస్లా దగ్గర వచ్చింది అనుకోండి, దాన్ని 4.84×10¹⁰ తో గుణించండి, 3.0×10¹¹ వస్తుంది. హాల్ ఇచ్చింది కూడా 3×10¹¹. రెండూ కలిశాయి, ఇప్పుడు ఆ డెన్సిటీని ధైర్యంగా రాయొచ్చు.

ఇక్కడ ఒక గోతి ఉంది. పైన గుణించిన సంఖ్యలో రెండు స్పిన్‌లూ కలిసే ఉన్నాయన్న లెక్క ఉంది. ఎక్కువ ఫీల్డ్‌లో స్పిన్‌లు విడిపోయి బేసి ఫిల్లింగ్ ఫ్యాక్టర్ల (ఒక్కో స్పిన్‌నీ విడిగా లెక్కపెట్టి ఎన్ని లాండౌ లెవెల్స్ నిండాయో చెప్పే సంఖ్యల) దగ్గర కూడా లోయలు వస్తాయి, ఆ భాగాన్ని కూడా కలిపి ట్రాన్స్‌ఫామ్ చేస్తే రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఇంకో శిఖరం వస్తుంది, దాన్ని చూసి రెండో సబ్‌బ్యాండ్ (ఎలక్ట్రాన్లు నిండే ఇంకో శక్తి మెట్టు) దొరికిందని సంబరపడేవాళ్ళు ఉన్నారు. స్పిన్ విడిపోకముందు ఉన్న ఫీల్డ్ వరకే తీసుకోండి. ఇంకా గట్టి చెక్ కావాలంటే లోయలకి సరి సంఖ్యలు ఇచ్చి ఫీల్డ్ విలోమం మీద గీత గీయండి, అది సున్నాలోంచి పోవాలి, పోకపోతే నంబరింగ్ తప్పింది.

రెండు డెన్సిటీలు కలవకపోతే? హాల్ ఎక్కువ చెప్పి, ఆసిలేషన్లు తక్కువ చెప్తుంటే డోపింగ్ పొరలో కూడా కరెంట్ పోతోందేమో అని ముందు అనుమానించండి. దానికి సాక్ష్యం ఇంకో రెండు చోట్ల ఉంటుంది, ఎక్కువ ఫీల్డ్‌లో పొడవు రెసిస్టెన్స్ లోయలు సున్నాకి దిగవు, హాల్ గీత వంగుతుంది. ఎల్ఈడీ ఎక్కువసేపు వెలిగించినప్పుడు ఇది తరచూ వస్తుంది. అలాంటప్పుడు నేనైతే ఆసిలేషన్ల మాటే వింటాను, ఎందుకంటే డోపింగ్ పొరలో మొబిలిటీ బాగా తక్కువ, అక్కడి ఎలక్ట్రాన్లకి ఊగేంత ఓపిక ఉండదు, ఊగేది మీకు కావలసిన పొర మాత్రమే.

ప్లాటూతో మీటర్‌నే సరిచూడటం

1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్ హై ఫీల్డ్ ల్యాబ్‌లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ సిలికాన్ మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) మీద కొలుస్తూ హాల్ రెసిస్టెన్స్ మెట్లుగా (ఇవే ప్లాటూలు) ఆగడమే కాదు, ఆ మెట్టు ఎత్తు శాంపిల్ ఆకారంతో, మలినాలతో సంబంధం లేకుండా ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఛార్జ్ మాత్రమే నిర్ణయిస్తాయని గుర్తించాడు, 1985లో నోబెల్ వచ్చింది. ఆ విలువ 25812.807 ఓమ్స్, దాన్ని ఫిల్లింగ్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే ఒక్కో మెట్టు ఎత్తు వస్తుంది, 2019లో యూనిట్లు మార్చాక ఆ రెండు స్థిరాంకాలకీ విలువలు నిర్ణయించేశారు కాబట్టి ఇప్పుడు దాంట్లో అనుమానానికి చోటే లేదు.

ఇంత గొప్ప సంగతి మీ బల్ల మీద ఉచితంగా ఉంది, వాడుకోండి. మన ఉదాహరణ శాంపిల్‌లో ఫిల్లింగ్ ఫ్యాక్టర్ 2 ప్లాటూ 6.2 టెస్లా చుట్టూ వస్తుంది, అక్కడ రెసిస్టెన్స్ 12906.4 ఓమ్స్ ఉండాలి, 3.1 టెస్లా దగ్గర ఫిల్లింగ్ ఫ్యాక్టర్ 4 కి 6453.2 ఓమ్స్. మీ లాకిన్ 12700 చూపిస్తే శాంపిల్ తప్పు కాదు, మీ 10 మెగా ఓమ్స్ రెసిస్టర్‌కో, లాకిన్ గెయిన్‌కో ఒకటిన్నర శాతం తేడా ఉంది. లాకిన్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ కూడా 10 మెగా ఓమ్సే అని గుర్తుంచుకోండి, దానివల్లా వెయ్యికి ఒకటి చొప్పున పోతుంది. ఆ నిష్పత్తితో కరెంట్ సరిచేసుకుని హాల్ వాలు మళ్ళీ లెక్కేయండి. ఆసిలేషన్ల డెన్సిటీకి మాత్రం కరెంట్ విలువతో పనే లేదు, అది ఫీల్డ్ ఒక్కదాని మీదే ఆధారపడుతుంది, అందుకే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టడానికి అంత విలువ.

మాస్, స్కాటరింగ్ టైమ్

ఇప్పుడు టెంపరేచర్ మారుస్తూ, 1.5 నుంచి 8 కెల్విన్ దాకా ఆరేడు చోట్ల, అదే స్వీప్ మళ్ళీ తీయండి. ప్రతి టెంపరేచర్ దగ్గర స్థిరపడేదాకా ఆగండి, థర్మామీటర్ చేరినంత తొందరగా శాంపిల్ చేరదు. ఒకే ఫీల్డ్ దగ్గర ఆసిలేషన్ ఎత్తు టెంపరేచర్‌తో ఎలా పడిపోతుందో చూస్తే ఎలక్ట్రాన్ ఎఫెక్టివ్ మాస్ (క్రిస్టల్‌లో అది ఎంత బరువున్నట్టు కదులుతుందో) వస్తుంది. ఫిట్ చేయాల్సిన ఫంక్షన్ ఒక సంఖ్యని దాని హైపర్‌బాలిక్ సైన్‌తో భాగించడం, ఆ సంఖ్య 14.69 ని మాస్ నిష్పత్తితో (మామూలు ఎలక్ట్రాన్ మాస్‌తో పోల్చి), టెంపరేచర్‌తో గుణించి ఫీల్డ్‌తో భాగిస్తే వస్తుంది. గాలియం ఆర్సెనైడ్‌లో మాస్ నిష్పత్తి 0.067, అంటే 1 టెస్లా దగ్గర 1.5 కెల్విన్‌లో ఈ ఫ్యాక్టర్ 0.71, 4.2 కెల్విన్‌లో 0.13. మీ డేటాలో ఎత్తు ఇలా ఐదు రెట్లకి పైగా పడాలి.

పడట్లేదా, తక్కువ టెంపరేచర్ల దగ్గర ఎత్తు పెరగకుండా ఆగిపోతోందా? కరెంట్ ఎలక్ట్రాన్లని వేడెక్కిస్తోంది. కరెంట్ సగం చేసి అదే ఫీల్డ్‌లో చూడండి, ఎత్తు మారితే ఇంకా తగ్గించండి, మారకపోతే కరెంట్ తప్పు లేదు. మిల్లీ కెల్విన్లకి వెళ్ళేవాళ్ళు 100 నానో ఆంప్స్ మర్చిపోవాలి, 10 కో 1 కో దిగాలి.

మాస్ తెలిశాక ఆ టెంపరేచర్ ఫ్యాక్టర్‌ని, సున్నా ఫీల్డ్ రెసిస్టెన్స్‌ని ఆసిలేషన్ ఎత్తులోంచి భాగించేసి, మిగిలినదాని లాగరిథమ్‌ని ఫీల్డ్ విలోమం మీద గీయండి, ఇది డింగిల్ ప్లాట్. వాలు నుంచి క్వాంటమ్ స్కాటరింగ్ టైమ్ (చిన్న మలుపు కూడా తిరగకుండా ఎలక్ట్రాన్ సాగే సగటు సమయం) వస్తుంది. చాలామంది వాలు తీసి ఆగిపోతారు, దయచేసి ఆగకండి, గీతని ఎడమ వైపుకి ఫీల్డ్ విలోమం సున్నా అయ్యేదాకా పొడిగించండి, అక్కడ విలువ 4 రావాలి, అంటే లాగరిథమ్‌లో 1.39. అక్కడ 10 కో 20 కో వస్తే, లేదా గీత వంగితే, శాంపిల్‌లో డెన్సిటీ ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉందనో, స్వీప్ వేగం వల్లో టైమ్ కాన్‌స్టాంట్ వల్లో తక్కువ ఫీల్డ్ ఊపులు నలిగిపోయాయనో అనుమానించాలి, ఆ టైమ్‌ని పేపర్‌లో పెట్టకూడదు.

పది లక్షల మొబిలిటీ నుంచి వచ్చే ట్రాన్స్‌పోర్ట్ టైమ్ దాదాపు 40 పికో సెకన్లు, డింగిల్ ఇచ్చేది ఒకటి రెండు పికో సెకన్లే కావచ్చు. కంగారుపడకండి, ఈ రెండూ కలవాల్సినవి కావు. దూరంగా ఉన్న డోపింగ్ అయాన్లు ఎలక్ట్రాన్‌ని కొంచెం కొంచెం పక్కకి తిప్పుతాయి, ఆ చిన్న మలుపులు ఆసిలేషన్లని చెరుపుతాయి కానీ కరెంట్‌ని పెద్దగా అడ్డుకోవు. 1978లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు డోపింగ్‌ని ఎలక్ట్రాన్ల నుంచి విడదీసి పెంచడంతోనే ఇంత మొబిలిటీలకి దారి పడింది, ఈ నిష్పత్తి పదికి పైన ఉంటే ఆ విడదీయడం మీ శాంపిల్‌లో బాగా కుదిరిందన్నమాట.

ముగించేటప్పుడు

ఫీల్డ్ సున్నాకి తెచ్చి, ఆసిలేటర్ వోల్టేజ్ తగ్గించి, అన్ని లైన్లూ గ్రౌండ్‌లో పెట్టాకే ప్రోబ్ పైకి లాగండి, అదీ నెమ్మదిగా, పొడి గ్యాస్‌లోనే రూమ్ టెంపరేచర్‌కి రానివ్వండి, చల్లటి శాంపిల్ మీద గాలిలో తేమ పడితే తర్వాతిసారి కాంటాక్ట్‌లు మొరాయిస్తాయి. డేటా ఫైల్‌లో ఫీల్డ్, రెండు లాకిన్‌ల నాలుగు సిగ్నల్స్, టెంపరేచర్, టైమ్ అన్నీ ముడిగానే ఉంచండి, సగటు తీసినవి వేరే ఫైల్‌లో పెట్టుకోండి. థీసిస్‌లో రాసేటప్పుడు డెన్సిటీ ఒక్కటే రాయకుండా హాల్‌ది ఎంత, ఆసిలేషన్లది ఎంత, చీకట్లోనా వెలుగు తర్వాతా, ఏ టెంపరేచర్, ఎంత కరెంట్, ఏ ఫ్రీక్వెన్సీ, డింగిల్ గీత ఎక్కడ తగిలింది, ఇవన్నీ అదే పట్టికలో పెట్టండి, ఇంకో ల్యాబ్‌లో అదే వేఫర్ ముక్క కొలిచేవాళ్ళు సరిపోల్చుకోవాల్సింది వాటితోనే.